వనపర్తి వైద్య విద్యార్థులకు ఆత్మకూరు నుండి బహిరంగ లేఖ



2022 నవంబరు 15వ తేదీన తెలంగాణమున ఒక్క దినముననే ఎనిమిది ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమైనవనియు, అందు మన వనపర్తి యొకటియనియు వినిన నాడు, జూరాల ఆనకట్ట యింకను లేచుచున్న దినములలో ఈ ఆత్మకూరునకు వైద్యుడనై వచ్చి యిచ్చటనే తల నెరసిన నాకు కలిగిన సంతోషము ఇంతింత కాదు. మా కాలమున ఈ ప్రాంతపు బిడ్డ వైద్యము చదువవలెనన్న హైదరాబాదునకో, వరంగల్లునకో, కృష్ణ దాటి కర్నూలునకో పోవలసి యుండెను. రోగుల సంగతి చెప్పనక్కరలేదు. నేటికిని జబ్బు కొంచెము ముదిరినచో మా ఊరివారు కర్నూలు పెద్దాసుపత్రికో రాయచూరునకో కారు మాట్లాడుకొని పోవుదురు. అట్టి చోట మీ కళాశాల వెలసినది. అందు తొలి యేట చేరిన మీరు చివరి పరీక్షల దరికి చేరుచున్నారు. పరీక్షలు ముగియును, ఇంటర్నుషిప్పు నడచును. ఆ పిమ్మట ఏమి చేయవలెనను ప్రశ్న మిమ్ము రాత్రింబవళ్ళు వేధించుచుండునని నేనెరుగుదును. ఆ ప్రశ్నను గూర్చి, ఎవరును అడుగకపోయినను, వయసు ఇచ్చిన చనవుతో నాకు తోచిన నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

నేడు అందరును దానికి చెప్పు ఉత్తరము ఒక్కటే: పి.జి. సీటు. ఇంటిలో తండ్రి అదియే చెప్పును, వసతిగృహమున తోటివాడు అదియే చెప్పును. తత్ఫలితముగా, వైద్యుని జీవితమున పెద్దల నీడలో రోగి చెంత కూర్చుండుటకు లభించు ఆ ఒక్క ఇంటర్నుషిప్పు సంవత్సరము ప్రశ్నల పుస్తకముల నడుమ గడచిపోవుచున్నది. ప్రత్యేక విద్యను నేను తక్కువ చేయుట లేదు. గుండె జబ్బునకు గుండె వైద్యుడు, మెదడులోని గడ్డకు శస్త్రవైద్యుడు ఉండవలసినదే. అట్టివారు పాలమూరులో మరికొందరుండిన ఎన్ని ప్రాణములు నిలిచెడివో కన్నులార చూచినవాడను. అయినను, ఏ శాఖ నెన్నుకొనవలెనో నిర్ణయించుకొనుటకు ముందు రెండు మూడు సంవత్సరములు ఒక చిన్న ఊరిలో, సలహాకు పైవారు పక్కన లేని చోట, వచ్చిన రోగినెల్ల చూచి, అతని మాట వినుట నేర్చుకొని పొండని నా విన్నపము. వినుటను నేనొక పుణ్యకార్యముగా బోధించుట లేదు. రోగనిర్ణయమునకు అది మొదటి పనిముట్టు. అది లేనివాని చేతిలో తక్కిన పనిముట్లెన్ని యున్నను అవి త్రోవ తప్పించును. ఈ సంగతిని నేను ఒక ప్రాణము పోయిన పిమ్మట నేర్చుకొంటిని. ఆ కథ కొంత సేపటికి చెప్పెదను.

ఆత్మకూరు వంటి ఊరిలో నేర్చుకొనుటకేమున్నదని మీలో కొందరికి తోచవచ్చును. అమరచింత సంస్థానమునకు రాజధానియై పండితులను అవధానులను ఆదరించిన ఈ ఊరి మీది అభిమానముతో నేను మాటాడుట లేదు. ఇట్లే తెలంగాణమున కవులే లేరని యొకప్పుడొకరు వ్రాయగా, పాలమూరు బిడ్డయైన సురవరము ప్రతాపరెడ్డిగారు కోపముతో ఊరకుండక, ఊరూరికి ఉత్తరములు వ్రాసి 354 మంది కవులను ఒక్క చోటికి చేర్చి 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించిరి. వెదకినవానికి కవులు కనబడిరి, వెదకని వానికి లేకపోయిరి. వైద్యవిద్య విషయమునను అదియే జరిగినదని చెప్పుటకు నాకు రెండు దృష్టాంతములు చాలును.

మొదటిది జొన్న. మక్కలు తిను దేశముల జబ్బుగా గ్రంథములు వర్ణించిన పెల్లాగ్రా, మెడ చుట్టును చేతుల మీదను చర్మము నల్లబడి, విరేచనములు పట్టి, తుదకు మతి చలించు ఆ వ్యాధి, జొన్నరొట్టె తప్ప వేరెరుగని దక్కను పేదలలో కనబడుచుండెను. హైదరాబాదులోని పోషకాహార పరిశోధకులైన గోపాలన్, శ్రీకంఠయ్యగార్లు దీనిని త్రోసివేయక, జొన్నలో లూసిన్ అను అమైనో ఆమ్లము అధికముగా నుండుటకును ఈ వ్యాధికిని గల సంబంధమును 1960లో లాన్సెట్ పత్రికలో ప్రకటించిరి. కూలివాని రొట్టె ముక్క నుండి వచ్చిన విద్య యది.

రెండవది నీరు. ఫ్లోరైడు కథను మీరు పాఠముగా చదివియే యుందురు. కాని ఆ కథ ఎవరితో మొదలైనదో పాఠములు సాధారణముగ చెప్పవు. 1930 ప్రాంతములలో, నాటి నెల్లూరు జిల్లాలో, అరకకు కట్టిన ఎద్దులు కీళ్ళు బిగిసి నడువలేకపోవుటను రైతులు గమనించిరి. పశువుల తరువాత మనుష్యులు. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అను మువ్వురు, మన దేశమున తొలిసారిగా, మనుష్యుల యెముకలను వంచు ఆ వ్యాధికి త్రాగునీటిలోని ఫ్లోరైడే కారణమని నిరూపించి వ్రాసిరి. 1955లో నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్‌ను గూర్చి సిద్దీఖీ అను వైద్యుని వ్యాసము బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడినది. 1973లో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామిగార్లు, ఈ నీరు త్రాగు ప్రాంతముల పడుచువారిలో మోకాళ్ళు లోనికి వంగి ఒండొంటిని ఒరుసుకొను క్రొత్త రూపమును వర్ణించిరి. పటిక, సున్నము, బ్లీచింగు పొడి కలిపి నీటిలోని ఫ్లోరైడును తొలగించు పద్ధతిని నాగపూరు పరిశోధకులు కల్పించి దానికి నల్లగొండ పేరే పెట్టిరి. ఆ పేరు నేడు ఆఫ్రికాలోను వినబడుచున్నది. ఇంత శాస్త్రమునకు మూలము ఎద్దు కుంటుచున్నదని రైతు చెప్పిన మాట, దానిని విన్నవాడొకడుండుట.

మిషన్ భగీరథ పథకపు నీళ్ళు ఊళ్ళకు వచ్చిన తరువాత పిల్లలలో ఆ వ్యాధి తగ్గినది గాని, పాత బావుల నీరు త్రాగి ఎముక ముదిరిన పెద్దలు నల్లగొండలోను పాలమూరులోను ఇంకను మన నడుమనే యున్నారు. నడుము పట్టినది, మెడ తిరుగుట లేదని వచ్చిన ముసలివానికి వెంటనే మెడపట్టీ వ్రాసి పంపకుడు. మోకాళ్ళు వంచక పాదములను తాకుమనుడు, గడ్డమును రొమ్మునకు ఆనించుమనుడు, చేతులు చాచి మడిచి తల వెనుకను ముట్టుమనుడు. ఈ మూడును చేయలేనివానిని చిన్ననాట ఏ బావి నీళ్ళు త్రాగితివని అడుగుడు. యంత్రము అక్కరలేని పరీక్ష యిది. రెండు నిముషములు పట్టును.

వినుటకు ముందు భాష రావలెను గదా. మీలో పలువురు ఇతర జిల్లాల నుండి వచ్చినవారు. ఈ జిల్లా బిడ్డలే యైనను ఇంగ్లీషు బడులలో చదివినవారు. మా వారు వ్యాధిని చెప్పుకొను తీరు వేరు. "పానం మంచిగ లేదు సారూ" అన్న మాటతో ప్రతి కథయు మొదలగును; అచ్చట ఆగినవానికి ఏమియు తెలియదు. "పెయ్యి కాలుతున్నది" అన్న జ్వరము. "దమ్మొస్తున్నది" అన్న ఆయాసము. ఆ దమ్ము ఎక్కి వచ్చినప్పుడా, పండుకొన్నప్పుడా అని మీరడుగవలెను, ఏలనన గుండెయో ఊపిరితిత్తియో అచ్చటనే తేలును. "దస్తులు" విరేచనములు. "సోయి తప్పిండు" అన్న స్పృహ పోయినది. "ఒంటికి పోతె మంట" అన్నది మూత్రమును గూర్చిన మాట. ఒళ్ళంతయు మంటయని తలచి విటమిను మాత్రలు వ్రాసి యిచ్చిన యువ వైద్యునొకని నేనెరుగుదును. "నీళ్ళాడింది" అన్న ప్రసవించినదని యర్థము గాని స్నానము చేసినదని కాదు. "కాళ్ళు గుంజుతున్నయి" అను మాట క్రింద చక్కెర జబ్బు, నరముల జబ్బు, వట్టి అలసట, ఒక్కొక్కప్పుడు చెప్పుకొనలేని దుఃఖము సయితము దాగియుండును. నేను వచ్చిన తొలి యేటనే ఒక చిన్న నోటు పుస్తకము పెట్టుకొని వినిన ప్రతి క్రొత్త మాటను, దాని వెనుక తేలిన వ్యాధిని వ్రాసికొనుట మొదలిడితిని. మీ పాఠ్యక్రమములో కుటుంబములను దత్తత తీసికొను ఏర్పాటొకటి యున్నది. అందుకై మీరు వ్రాయు పుస్తకమును మార్కుల కొరకు నింపక, ఆ ఇండ్ల అవ్వలు పలికిన మాటలను అందు ఒక పుటలో వ్రాసికొనుడు. పిలుపును మార్చుకొనుడు: "నీ పేరేమి" అని గాక, "ఏమైంది పెద్దవ్వా, కూసో" అని మొదలిడిన చోట సగము కథ అడుగకయే బయటికి వచ్చును.

ఇక నేను చెప్పెదనన్న ఆ కథ. వానకాలపు తెల్లవారుజామున, నేను పనిచేయుచున్న చిన్న ఆసుపత్రికి ఇరువది యేండ్ల జీతగాని నొకని ఎడ్లబండిలో తెచ్చిరి. కడుపునొప్పి, రెండు వాంతులు. ఒంటి మీద గాయము లేదు, జ్వరము లేదు. తల్లి పక్కన నిలిచి, "రాత్రి కింద పండుకున్నడు సారూ, నడిజామున ఏదో చీమ కుట్టిందన్నడు" అని రెండు మార్లు చెప్పినది. నేను వినలేదు. చెవికి సోకినది గాని మనసునకు ఎక్కలేదు. అజీర్ణమని తలచి సూది వేసి బల్ల మీద పండుకొనబెట్టితిని. ఎండ పడువేళకు పిల్లవాని కనురెప్పలు వాలినవి, నిద్రపోవుచున్నాడనుకొంటిమి. మరి కొంత సేపటికి మింగలేక చొంగ కార్చినాడు, మాట ముద్దయైనది. అప్పుడు గాని కట్లపాము నా తలపునకు రాలేదు. జిల్లా ఆసుపత్రికి జీపులో పోవుచుండగా దారిలో ఊపిరి నిలిచినది. తప్పు పూర్తిగా నాది. ఆ తల్లికి మరునాడు నేనే పోయి చెప్పితిని. ఆమె నన్ను తిట్టలేదు. "చెప్పితి గద సారూ" అన్నది.

కావున పాముకాటును గూర్చి కొంచెము విస్తరించి వ్రాయుట నా ఋణము. కట్లపాము రాత్రివేళ నేల మీద పండుకొన్నవానిని కరచును. నొప్పి యుండదు, గాటు కనబడదు, వాపు రాదు. తెల్లవారి కడుపునొప్పితోను, వాలిన రెప్పలతోను అది తెలియవచ్చును. వానకాలమున క్రింద పండుకొని లేచి కడుపునొప్పి అన్న ప్రతివానిని కట్లపాము కాటుగా అనుమానించి ఒక పూట కనిపెట్టి చూడుడు. రక్తపింజర, చిన్నపింజర కరచినచో రక్తము గడ్డ కట్టదు. దానికి పరీక్ష యేదన, రెండు మిల్లీలీటర్ల రక్తమును శుభ్రమైన పొడి గాజు గొట్టమున పోసి, కదల్చక ఇరువది నిముషములుంచి వంచి చూచుట. ప్లాస్టికు గొట్టము పనికిరాదు, సబ్బుతో కడిగిన గొట్టమును పనికిరాదు. విషము ఎక్కిన గుర్తు కనబడగానే విరుగుడు మందు పది సీసాలతో మొదలిడవలెను. పసిబిడ్డకును అంతే మోతాదు, ఏలనన పాము పసిబిడ్డయని విషమును తగ్గించి విడువదు. ముందుగా చర్మము మీద పరీక్షించి చూచుట వృథా. అడ్రినలిన్ నింపిన సిరంజి పక్కన పెట్టుకొని మందు నెక్కించుటయే మార్గము. నాగుపాము కాటునకు నియోస్టిగ్మిన్, అట్రోపిన్ తోడుగా పనిచేయును. కట్లపాము కాటున వాని మీద నమ్మకము పెట్టరాదు, ఊపిరి నందించు సంచియే ప్రాణాధారము. పెద్దాసుపత్రికి పంపునప్పుడు విరుగుడు మందు మొదలుపెట్టి, తోడుగా ఊపిరి సంచి నొత్తగల మనిషిని కూర్చుండబెట్టి పంపుడు. పాముకాటు మరణములను 2030 నాటికి సగమునకు తగ్గించవలెనని కేంద్ర ప్రభుత్వము 2024లో సంకల్పించినది. అది ఢిల్లీలో తగ్గదు. బల్ల దగ్గర తల్లి చెప్పు మాటను విన్న చోటనే తగ్గును.

పత్తి పండించు నేల గనుక పురుగుల మందు త్రాగిన కేసులు మీకు తప్పవు. కడుపు కడుగు గొట్టము కొరకు పరుగెత్తుటకు ముందు ఊపిరిదారిని చూడుడు. బట్టలు విప్పించి ఒళ్ళు కడిగించుడు, కడుగువారికి చేతితొడుగులిండు. ఆర్గానోఫాస్ఫేటని తోచినచో, ఐదేసి నిముషములకు అట్రోపిన్ మోతాదును రెట్టింపు చేయుచు, రొమ్ములో గురగుర తగ్గి నాడి ఎనుబది దాటు వరకు ఆగకుడు. ఏ మందు త్రాగెనో తెలియుటకు డబ్బాను తెప్పించుడు. పోలీసులకు తెలుపవలసినదే, కాని చికిత్సకు వారి రాక కొరకు నిలువరాదని 1989లో పరమానంద్ కటారా కేసున సుప్రీంకోర్టు తేల్చి చెప్పినది. బ్రతికినవానిని మందలించి పంపకుడు. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టము అట్టివానిని తీవ్రమైన మనోవేదనలో నున్నవానిగా తలచుమన్నది గాని నేరస్థునిగా కాదు. ఇంటికి పోవునప్పుడు అప్పెంత అని మెల్లగా అడుగుడు, చీటీ వెనుక 14416 అను టెలిమానస్ మానసిక సహాయ ఫోను సంఖ్యను వ్రాసి యిండు.

పుస్తకములలో లేని మరియొక ప్రశ్నను మీ జాబితాలో చేర్చుకొనుడు: "కల్లు తాగుతవా, ఎన్నడు మానినవ్?" మత్తుమందులు కలిపిన కల్లునకు అలవడినవాడు, ఏ కాలు విరిగియో జ్వరము వచ్చియో ఆసుపత్రిలో పడినప్పుడు, రెండవ మూడవ దినమున ఉన్నట్టుండి చేతులు వణకి, మెడ వంకరపోయి, లేనివానిని చూచి కేకలిడి, ఫిట్సు తెచ్చుకొనును. ఇంటివారు గాలి సోకినదందురు, కొందరు సూది వికటించినదని మీ మీదికి వత్తురు. 2015లో కల్తీ కల్లు మీద దాడులు జరిగి అది దొరకనప్పుడు నాటి మహబూబ్‌నగర్ జిల్లా ఆసుపత్రులు అట్టి రోగులతో నిండుట మీరు వినియుందురు. చేరిన నాడే ఆ ప్రశ్న నడిగినవాడు ఆ రాత్రికి సిద్ధముగా నుండును, అడుగనివాడు నివ్వెరపోవును. ఆడువారిని సయితము అడుగుడు.

పాలమూరు కూలీలు కట్టని ఆనకట్ట ఈ దేశమున లేదందురు. వారు నేటికిని పూనాకు ముంబయికి వలస పోవుచున్నారు. కావున మీరు వ్రాయు చీటీ వ్రాసిన చోటనే యుండదు, బస్సెక్కి పోవును. క్షయ మందు మొదలుపెట్టినవానికి ని-క్షయ్ నమోదు సంఖ్యను చేతికిచ్చి, ఏ ఊరి ప్రభుత్వాసుపత్రిలోనైనను ఆ సంఖ్యతో మందు దొరకునని నోటితో చెప్పుడు. మానినచో ఏమగునో చెప్పుడు. రాళ్ళు పగులగొట్టినవాని ఊపిరితిత్తులలో క్షయయే గాక రాతిపొడి సయితము ఉండవచ్చునని మరువకుడు. రెండు పూటలే తినువానికి మూడు పూటల మాత్రలు వ్రాసిన, మూడవది గూటిలోనే మిగులును. చదువురానివారికి చీటీ మీద సూర్యుని చంద్రుని బొమ్మ గీసి యిచ్చుట నాకెన్నడును నామోషీగా తోచలేదు.

మందుల పేర్లు స్పష్టముగా, పెద్ద అక్షరములతో, కంపెనీ పేరు గాక మందు పేరే వ్రాయవలెనను నియమమున్నది, దానిని పాటించుడు. ఆ నియమావళిలోనే, 2002 నాటి వృత్తి ధర్మ నిబంధనలలో, కమీషను పుచ్చుకొనరాదని యున్నది. దీనిని గూర్చి కొంచెము కఠినముగా చెప్పవలసి యున్నది. మా పల్లెలలో ఆర్.ఎం.పి. అనబడువాడు మొదటి వైద్యుడు. అర్ధరాత్రి తలుపు తీయువాడు అతడే గనుక జనము అతని నమ్ముదురు. అతనిని మీరు తూలనాడకుడు. సూది గ్లూకోజు ఎక్కడ అపాయమో, ఏ లక్షణము కనబడిన క్షణము ఆలస్యము చేయక పంపవలెనో కూర్చుండబెట్టి చెప్పుడు. కాని రోగిని పంపినందులకు అతనికి పైకమిచ్చు ఆసుపత్రిలో మీరు ఉద్యోగము చేయవలసి వచ్చినచో, నెలజీతము ఎంత పెద్దదైనను విడిచి పొండు. పరీక్షకును స్కానింగునకును ఇంత భాగమని చేతిలో కవరు పెట్టిన నాడు మీ రోగనిర్ణయము మీది కాకుండ పోవును. నేను పడుచువాడనై యున్నప్పుడు ఒకచోట ఆ కవరును నా బల్ల మీద పెట్టిరి. తిరిగి పంపితిని, కొన్ని నెలలు ఆ దిక్కు నుండి రోగులు రాలేదు. ఆ పిమ్మట వారంతట వారే వచ్చిరి.

"గ్లూకోజు పెట్టు సారూ, బలమొస్తది" అని మిమ్ము ప్రతిదినము బతిమాలుదురు. ఒక సీసా గ్లూకోజులో నున్న బలము కొన్ని చెంచాల చక్కెరతో సమానమని నేను వేల మార్లు చెప్పితిని. చెప్పగా చెప్పగా కొందరు మానిరి. ఓపిక తప్ప దీనికి మందు లేదు.

చట్టమును గూర్చి రెండు ముక్కలు చాలును. వైద్యసేవ వినియోగదారుల చట్టము క్రిందికి వచ్చునని 1995లో శాంత కేసున, సామాన్యమైన పొరపాటు క్రిమినల్ నేరము కాదని 2005లో జాకబ్ మాథ్యూ కేసున, ఒక పనికి ఇచ్చిన సమ్మతి వేరొక పనికి చెల్లదని 2008లో సమీరా కోహ్లీ కేసున సుప్రీంకోర్టు చెప్పినది. రోగి కాగితములను మూడేండ్లు భద్రపరచవలెను. అడిగిన 72 గంటలలో ఇవ్వవలెను. చూచిన గంట, చెప్పిన మాట, రోగి కాదన్న సంగతి అప్పుడే వ్రాయుడు, తరువాత దిద్దకుడు. వైద్యుల మీద దాడిని శిక్షించు చట్టము 2008 నుండి యున్నది, అది యుండవలసినదే. కాని దాడిని ఆపునది చాలమార్లు అంతకు గంట ముందు మీరు పలికిన మాట. పరిస్థితి విషమించుచుండగానే ఇంటి పెద్దను పక్కకు పిలిచి, కూర్చుండబెట్టి, మీరును కూర్చుండి, తెలుగులో చెప్పుడు. ప్రాణము పోయినప్పుడు పోయినదని చెప్పుడు; మానిటరు పేరో యంత్రము పేరో చెప్పి తప్పించుకొనకుడు. చెప్పిన వెంటనే లేచిపోక, వారి మొదటి ఏడుపు తగ్గువరకు అచ్చటనే యుండుడు.

మీకు చదువు చెప్పువారు కళాశాలలోనే యున్నారని తలచకుడు. సూది కొనకు దొరకని నరమును పట్టుట నాకు నేర్పినది ఒక స్టాఫు నర్సు. ఏ గర్భిణి ఏ నెలలో పుట్టింటికి పోవునో, ఏ ఇంట రక్తపు మాత్రలు వాకిట పారవేయుదురో ఏ.ఎన్.ఎం.కును ఆశా కార్యకర్తకును తెలిసినంత ఏ వైద్యునకు తెలియదు. ల్యాబు టెక్నీషియను ఫలితమును అనుమానించి మరల చేసెదననుచో అతనికి కృతజ్ఞత చెప్పుడు. ఫార్మసిస్టు నిలిపిన చీటీలలో నావి కొన్ని యున్నవి; అతడు నిలిపినందున ఇద్దరు రోగులు నా తప్పు నుండి బయటపడిరి. ఈ లేఖను మీతో పాటు నర్సింగు విద్యార్థులును చదువవలెనని నా కోరిక.

మీ జీవితమును గూర్చి కూడ ఒక మాట. చిన్న ఊరిలో ఒంటరి వైద్యుడు త్వరగా అలసిపోవును. వారమునకొక పూట తలుపు మూసి ఉండుటకు సిగ్గుపడకుడు. ఆ సంగతి ముందుగా ఊరికి తెలుపుడు. మీ రక్తపోటును చూపించుకొనుడు, నిద్రమాత్రను మీకు మీరు వ్రాసికొనకుడు. అప్పు చేసి మేడ ఆసుపత్రి కట్టుటకు తొందరపడకుడు. ఆ వాయిదాలు మీ చేత అక్కరలేని పరీక్షలు వ్రాయించును. మరి మూడేండ్ల తరువాత పి.జి.కి పొండు. అప్పుడు ఏ శాఖ మీకు తగునో మీకే తెలిసియుండును. నాకు తెలిసిన పిల్లలలో చర్మశాఖ కోరి వచ్చి, ఇచ్చట కాన్పులు చూచి ప్రసూతి శాఖకు పోయినది యొకతె, కంటి వైద్యుడు కావలెనని వచ్చి మత్తుమందు వైద్యుడైనవాడొకడు. ఇద్దరును నేటికి సంతోషముగా నున్నారు. మిమ్ము చిన్న ఊరికి రమ్మనుటకు మరియొక కారణమున్నది. ఆరోగ్యశ్రీ పథకమును 2007 ఏప్రిల్ 1న మొదలిడినప్పుడు తొలి మూడు జిల్లాలలో మన మహబూబ్‌నగర్ ఒకటి. శస్త్రచికిత్సకు డబ్బు దొరకినది, కాని వ్యాధిని సకాలమున కనిపెట్టి పంపు మొదటి వైద్యుని కొరత నాడెట్లుండెనో నేడును అట్లే యున్నది. ఆ చోటు మీ కొరకు ఖాళీగా నున్నది.

నా నోటు పుస్తకములు మూడు నిండినవి. మాటలు, వాని క్రింద వ్యాధులు, తప్పులు, తేదీలు అన్నియు అందున్నవి. కట్లపాము కరచిన ఆ పిల్లవాని పుటయు ఉన్నది. ఇంటర్నుషిప్పు ముగిసిన తరువాత మీలో ఎవరైనను, ఒక్కరైనను సరే, ఆత్మకూరు బస్సెక్కి రండు. వానిని మీ చేతికిచ్చెదను. ఇచ్చట ఉదయము తొమ్మిది గంటలకే జనము వచ్చి వరండాలో కూర్చుండియుందురు.

ఇట్లు,
మీ మేలు కోరు ఆత్మకూరు వృద్ధ వైద్యుడు